గంజాయి క్లబ్బులు: సభ్యుడెవరు, రైతెక్కడ?

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో విత్తనాల మీద, పంట రుణాల మీద, కౌలు కార్డుల మీద మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను మాట్లాడబోయే విషయం వినగానే కొందరికి నవ్వు రావచ్చు, కొందరికి కోపం రావచ్చు. విదేశాల్లో చట్టం అనుమతించిన గంజాయి క్లబ్బుల గురించి చెప్పబోతున్నాను. రైతు సంఘం తరగతిలో ఇది ఎందుకని అడగవచ్చు. కారణం ఉంది. "జర్మనీలో ఊరూరా గంజాయి సంఘాలు పెట్టుకుంటున్నారట, రేపు మన దగ్గరా వస్తుంది, ముందుగా దిగినవాడిదే లాభం" అనే మాట ఫోన్లలో తిరుగుతోంది. ఏజెన్సీలో గంజాయి కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలు మన సభ్యుల్లో, మన చుట్టాల్లో ఉన్నాయి. సగం నిజం, సగం అబద్ధం కలిసిన మాటను నమ్మితే నష్టపోయేది రైతే. కనుక ఆ క్లబ్బు అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. మనకు ఏం వర్తిస్తుంది, ఏం వర్తించదు అనేది ఆ తర్వాత తేల్చుకుందాం.

క్లబ్బు అంటే ఏమిటి?

క్లబ్బు అనగానే పేకాట క్లబ్బు గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. మన భాషలో చెప్పాలంటే వాడేవాళ్ల సహకార సంఘం. కొంతమంది పెద్దవాళ్లు సభ్యులుగా చేరతారు, చందా కడతారు. ఆ డబ్బుతో తమకు కావలసినంత గంజాయిని తామే పెంచుకుని, తమలో తామే పంచుకుంటారు. బయటివాడికి అమ్మకూడదు. లాభం తీయకూడదు. ప్రకటనలు ఇవ్వకూడదు. దొంగ వ్యాపారిని మధ్యలోంచి తీసేయడం, వాడేవాడికి కల్తీ లేని సరుకు దొరకడం, పిల్లల చేతికి అందకుండా చూడడం ఈ పద్ధతి ఉద్దేశాలని దాన్ని సమర్థించేవాళ్లు చెబుతారు.

దేశమంతటికీ వర్తించేలా దీనికి మొదట చట్టం చేసిన దేశం దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే. 2013 డిసెంబరులో చట్టం వచ్చింది. అక్కడ క్లబ్బులో 15 మందికి తగ్గకూడదు, 45 మందికి మించకూడదు. మొక్కలు 99 దాటకూడదు. ఒక్కో సభ్యుడికి ఏడాదికి 480 గ్రాముల వరకే ఇవ్వాలి. యూరప్‌లో మాల్టా అనే చిన్న ద్వీప దేశం 2021 డిసెంబరులో చట్టం చేసింది. ఆ తర్వాత జర్మనీ. అక్కడ చట్టం 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, క్లబ్బులకు అనుమతులు జూలై 1 నుంచి మొదలయ్యాయి.

జర్మనీ నిబంధనలు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫోన్లలో తిరిగే మాటలు ఎక్కువగా దాని మీదే. క్లబ్బును లాభాపేక్ష లేని సొసైటీగా గాని, సహకార సంఘంగా గాని రిజిస్టరు చేయించాలి. సభ్యులు 500 మందికి మించకూడదు. 18 ఏళ్లు నిండాలి. జర్మనీలో కనీసం ఆరు నెలలుగా నివాసం ఉండాలి. ఒకరు ఒక్క క్లబ్బులోనే చేరాలి, కనీసం మూడు నెలలు సభ్యత్వం ఉంచుకోవాలి. రోజుకు 25 గ్రాములు, నెలకు 50 గ్రాములు మించి ఇవ్వరు. 21 ఏళ్లు నిండనివాళ్లకు నెలకు 30 గ్రాములే, అందులోనూ మత్తు శాతం 10కి మించకూడదు. సభ్యుడు స్వయంగా వచ్చి తీసుకోవాలి. పోస్టులో పంపడం లేదు, వేరేవాళ్లు తీసుకెళ్లడం లేదు. క్లబ్బులో కూర్చుని తాగడానికి వీల్లేదు. బడికి, పిల్లల ఆటస్థలానికి 200 మీటర్ల దూరం పాటించాలి. మత్తు అలవాటు ముదరకుండా సలహా చెప్పడానికి శిక్షణ పొందిన వ్యక్తి ఒకరు క్లబ్బులో ఉండాలి.

పల్లెటూళ్లో ఇది ఎలా ఉంటుందో ఊహించండి. పట్నంలో ఎవరు ఏ క్లబ్బులో ఉన్నారో పక్కింటివాడికి తెలియదు. పల్లెలో మూడో రోజుకే ఊరంతా తెలుస్తుంది. జిల్లాలో ఆరు వేల జనాభాకు ఒక్క క్లబ్బు మించకుండా పరిమితి పెట్టే అధికారం అక్కడి రాష్ట్రాలకు ఉంది. క్లబ్బు పక్క ఊళ్లో ఉంటే కారేసుకుని పోవాలి. మత్తులో బండి నడిపితే శిక్ష. రక్తంలో ఎంత ఉంటే నేరమో 2024 ఆగస్టులో వేరే చట్టం సవరించి మరీ చెప్పారు. అంటే చేరడం సులువే అనిపించినా, చేరినవాడి మీద లెక్కలు, సంతకాలు, తనిఖీలు చాలా ఉంటాయి. "స్వేచ్ఛగా పండించుకుంటున్నారు" అనే మాటకూ దీనికీ పొంతన లేదు.

రైతు ఎక్కడ ఉన్నాడు?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ ఏర్పాటులో రైతు ఎక్కడ ఉన్నాడు? ఎక్కడా లేడు.

మన పాల సంఘం పోసేవాళ్ల సంఘం. పాలు ఎంత ఎక్కువ పోస్తే, ఎంత మంచి ధర వస్తే సభ్యుడికి అంత లాభం. క్లబ్బు తాగేవాళ్ల సంఘం. ఎంత చవగ్గా, ఎంత తక్కువ అవసరంతో గడిస్తే వాళ్లకు అంత మంచిది. పేరుకు రెండూ సహకార సంఘాలే, దిశలు మాత్రం ఎదురెదురు. పైగా జర్మనీ చట్టం సాగు పనిని బయటివాళ్లకు అప్పగించడాన్ని నిషేధించింది. సభ్యులే సాగులో చేయి వేయాలి. సాగుకు జీతానికి పెట్టుకుంటే అది కూడా చిన్న మొత్తం కూలికి చేసే పార్టుటైము ఉద్యోగమే అయి ఉండాలి. అంటే క్లబ్బు ఒక రైతు దగ్గరికొచ్చి "నీ నాలుగెకరాల్లో మాకు పండించి పెట్టు, ఇంత ఇస్తాం" అని ఒప్పందం రాసుకోలేదు. మిగిలిన పంటను మార్కెట్టుకు తోలలేదు. ఎగుమతి అనే మాటే లేదు. పొరుగు దేశం నుంచి కొనడానికే వీల్లేనప్పుడు పాడేరు నుంచో నర్సీపట్నం నుంచో కొంటారా?

కనుక "విదేశీ క్లబ్బులకు సరఫరా" అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఆ వాక్యంలోనే అబద్ధం ఉంది.

ఒక పల్లె కథ: రస్కేరా

క్లబ్బుతో బాగుపడదామనుకున్న ఒక పల్లె కథ చెబుతాను. స్పెయిన్ దేశంలో కాటలోనియా అనే ప్రాంతం ఉంది. అక్కడ ఏబ్రో నది దగ్గర రస్కేరా అనే ఊరు. జనాభా దాదాపు 900. ఆలివ్ తోటలు, మేకలు, తాటాకు బుట్టల అల్లికలు. మన మెట్ట గ్రామాల్లాంటిదే. 2012 నాటికి స్పెయిన్‌లో ఆర్థిక సంక్షోభం ముదిరింది, ఉద్యోగాలు పోయాయి. ఆ ఊరి స్థానిక ప్రభుత్వం, అంటే మన లెక్కలో పంచాయతీ, 13 లక్షల యూరోల అప్పులో ఉంది. అప్పటి మారకంలో దాదాపు 9 కోట్ల రూపాయలు. 900 మంది ఊరికి అది కొండంత అప్పు.

అదే సమయంలో బార్సిలోనా నగరంలోని ఒక గంజాయి క్లబ్బు వచ్చింది. దానికి 5 వేల మంది సభ్యులు. ఊరి భూమి మాకు కౌలుకివ్వండి, మా సభ్యులకు కావలసిన గంజాయి అక్కడ పెంచుకుంటాం, రెండేళ్లలో 13 లక్షల యూరోలు ఇస్తాం అన్నది. అప్పు ఎంతో కౌలు అంత. ఉద్యోగాలు కూడా వస్తాయన్నారు. మేయరు ఊరి ముందు పెట్టాడు. 2012 ఏప్రిల్ 10న ఓటింగు జరిగింది. 56 శాతం మంది సరే అన్నారు.

ఊరు ఓటేసింది, మెజారిటీ వచ్చింది. అయినా పంట వేయలేకపోయారు. స్పెయిన్ కేంద్ర ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. కోర్టు ఆ నిర్ణయాన్ని ఆపి, తర్వాత రద్దు చేసింది. ఊరి తీర్మానం దేశపు శిక్షా చట్టాన్ని మార్చలేదు. విషయం అంత తేలిక.

స్పెయిన్‌లో క్లబ్బులకు జర్మనీలాగా స్పష్టమైన చట్టం లేదు. ఇంట్లో సొంతంగా వాడుకోవడం నేరం కాదు అనే సూత్రం మీద ఆధారపడి క్లబ్బులు నడిచాయి. 2015లో అక్కడి సుప్రీంకోర్టు, పెద్ద సంఖ్యలో సభ్యులను చేర్చుకుని వ్యవస్థగా పండించి పంచడం నేరమేనని తీర్పు చెప్పింది. కాటలోనియా శాసనసభ 2017లో క్లబ్బుల కోసం సొంత చట్టం చేస్తే, 2018లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఆ అధికారం ప్రాంతానిది కాదు, కేంద్రానిది అన్నది.

రస్కేరాను నేను ఎగతాళి చేయడం లేదు. అప్పుల్లో మునిగిన పల్లె దేనికైనా చేయి చాపుతుంది, మనకు అది తెలియని సంగతా? ఆ కథలో నేర్చుకోవలసినవి రెండు. ఒకటి, ఊరికి గిట్టుబాటు ధర, పని లేకపోవడమే అసలు జబ్బు. గంజాయి దానికి పైపూత. రెండు, చట్టం స్పష్టంగా లేనప్పుడు ముందుకు దూకినవాడే దెబ్బ తింటాడు. 13 లక్షల యూరోలు ఇస్తామన్న క్లబ్బు సభ్యులు బార్సిలోనాలో ఉన్నారు. కోర్టు మెట్లెక్కింది పల్లె.

మన చట్టం ఏమంటోంది?

మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్ చట్టం, అమల్లో ఉంది. ఇది కేంద్ర చట్టం. గ్రామసభ తీర్మానం చేసినా, సంఘం రిజిస్టరు చేసుకున్నా దాని ముందు చెల్లదు. ప్రతి కార్యకర్తా కింద చెప్పే అంశాలు గుర్తుంచుకోవాలి.

గంజాయి మొక్క సాగు చేస్తే పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. "ఆకుకు కేసు లేదు, పూతకే కేసు" అని కొందరు చెబుతారు. చట్టంలో గంజాయి అనే మాటకు పూత, కాయ గుత్తులు అనే అర్థం ఇచ్చిన మాట నిజమే. కానీ సాగు దగ్గరికొచ్చేసరికి మొక్క మొక్కే. పెరట్లో పెంచినా, కొండపోడులో పెంచినా నేరమే.

దగ్గర ఉంచుకోవడం, రవాణా చేయడం విషయంలో కిలో వరకు చిన్న పరిమాణం. 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం. అప్పుడు శిక్ష పదేళ్లకు తక్కువ ఉండదు, ఇరవై ఏళ్ల దాకా ఉంటుంది, బెయిలు దొరకడం చాలా కష్టం. మూట మోసిన కూలీకి మూటలో ఎంతుందో తెలియకపోవచ్చు, కేసు మాత్రం కిలోల లెక్కనే పడుతుంది.

కౌలు సంగతి మరీ ముఖ్యం. తెలిసి తన భూమిని ఈ పనికి ఇచ్చిన యజమానికీ పండించినవాడితో సమానంగా శిక్ష ఉంటుంది. తన భూమిలో ఇలాంటి సాగు జరుగుతోందని తెలిస్తే సమాచారం ఇవ్వవలసిన బాధ్యత భూమి గలవాడి మీద ఉంది. సర్పంచులకూ, గ్రామ అధికారులకూ అదే బాధ్యత ఉంది. సర్పంచులుగా ఉన్న మన సభ్యులు ఈ మాట రాసుకోండి.

మరి హెంప్ సంగతి? మత్తు దాదాపు లేని నార రకాన్ని హెంప్ అంటున్నారు. నార కోసం, విత్తనం కోసం అనుమతి ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సులు ఇచ్చింది. అక్కడ మత్తు పదార్థం 0.3 శాతం మించకూడదు. హిమాచల్ ప్రదేశ్ 2025 జనవరిలో ప్రయోగాత్మక అధ్యయనానికి ఒప్పుకుంది. హెంప్ గింజలను, గింజల నూనెను ఆహారంగా ఆహార భద్రతా సంస్థ 2021లో అనుమతించింది. అక్కడ ఇచ్చిన లైసెన్సు ఇక్కడ చెల్లదు. చేతిలో మన రాష్ట్రం ఇచ్చిన కాగితం లేకుండా "హెంప్ విత్తనం" అని ఎవరు ఇచ్చినా భూమిలో పెట్టకండి. మొలిచాక అది ఏ రకమో తేల్చేది ల్యాబు. ఆ లోపల మీరు జైల్లో ఉంటారు.

మన అనుభవం ఏం చెబుతోంది?

"చట్టబద్ధం చేస్తే రైతు బాగుపడతాడు కదా?" అని యువ మిత్రులు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. దేశంలో దాని మీద చర్చ జరగాలి, జరుగుతోంది. కానీ లైసెన్సు ఒక్కటే రైతును బతికించదని మన అనుభవమే చెబుతోంది.

పొగాకు చూడండి. లైసెన్సు ఉన్న పంట. గుంటూరులో బోర్డు 1976 నుంచి ఉంది. బ్యారన్‌కు రిజిస్ట్రేషన్, పంటకు కోటా, వేలం కేంద్రం, అన్నీ ఉన్నాయి. అయినా 2015లో ధర పడిపోతే ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో నల్లబర్లీ కొనే దిక్కులేక, చివరికి మార్క్‌ఫెడ్ దిగి కొనవలసి వచ్చింది. పంట చట్టబద్ధమే, కొనేవాడి చేతిలోనే కొరడా.

కల్లు చూడండి. గీత కార్మికుల సహకార సంఘాలు మనకు క్లబ్బుల కన్నా చాలా ముందునుంచీ ఉన్నాయి. చెట్టు ఎక్కేవాడే సభ్యుడు, ఊరిలోనే అమ్మకం, ఎక్సైజు శాఖ లైసెన్సు. ఒక మత్తు పానీయాన్ని పల్లెలో అదుపులో ఉంచుతూ చెట్టెక్కినవాడికి కూడు పెట్టే ఏర్పాటు అది. సంఘం నిజంగా గీత కార్మికుల చేతిలో ఉన్నచోట బాగానే నడిచింది. కాంట్రాక్టరు వెనకనుంచి నడిపినచోట క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపిన కల్లు వచ్చింది, జనం చచ్చారు. సంఘం పేరు ముఖ్యం కాదు, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ముఖ్యం. రేపు ఎప్పుడైనా ఈ దేశంలో గంజాయి మీద చట్టం మారితే, మన సంఘం అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.

ఏజెన్సీ సంగతి

ఇప్పుడు మన కళ్లముందు ఉన్న సంగతి. 2021-22లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. తోట పోయింది, సరుకు కాలింది. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడ? విత్తనం, ఎరువు, అడ్వాన్సు ఇచ్చి పండించేది బయటి రాష్ట్రాల వ్యాపారి. పట్టుబడేది గిరిజన రైతు, మూట మోసే కుర్రాడు. మత్తుకు అలవాటు పడి చదువు మానేసేది మన పట్నాల, పల్లెల పిల్లలు. నడుమ మిగుల్చుకునేవాడు మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో కనిపించడు.

గంజాయి వేయవద్దని మన సంఘం చెబుతుంది, గట్టిగా చెబుతుంది. కానీ అక్కడితో ఆగితే పోలీసు చెప్పిన మాటే మనం చెప్పినట్టవుతుంది. కాఫీ, మిరియం, పసుపు, రాజ్‌మా పండే కొండలవి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. కాఫీ మొక్క కాపుకొచ్చేదాకా మూడు నాలుగేళ్లు ఆ కుటుంబం ఏం తినాలి? సంతలో పసుపు కొనేవాడు తూకంలో కోత వేస్తే ఎవరికి చెప్పాలి? డోలీ మోతలున్న ఊరికి గంజాయి కొనేవాడు నడిచి వస్తాడు, పసుపు కొనేవాడు రాడు. ఈ ప్రశ్నలకు జవాబు ఇవ్వకుండా తోటలు నరికితే అవి మరో లోయలో మొలుస్తాయి.

మోసాల మాట

ఒక హెచ్చరిక. యూరప్‌లో జ్యూసీఫీల్డ్స్ అనే కంపెనీ "గంజాయి మొక్క కొనండి, మేం పెంచుతాం, పంటలో లాభం మీకు" అని ఇంటర్నెట్లో డబ్బు వసూలు చేసింది. 2022 జూలైలో మూతపడింది. యూరోపియన్ పోలీసు సంస్థ లెక్క ప్రకారం దాదాపు 1 లక్షా 86 వేల మంది డబ్బు పంపారు. మొత్తం 64 కోట్ల 50 లక్షల యూరోలు. చదువుకున్న దేశాల్లోనే ఇలా జరిగింది. టేకు మొక్కల కంపెనీలు, ఈము పక్షుల కంపెనీలు మనల్ని ఎలా ముంచాయో మనకు గుర్తుంది. సభ్యత్వం పేరుతో, డిపాజిట్ పేరుతో ఎవరు డబ్బు అడిగినా సంఘానికి చెప్పండి.

మన పిల్లలు జర్మనీలో చదువుతున్నారు. అక్కడ క్లబ్బులో చేరడం అక్కడి చట్టానికి సమ్మతమే కావచ్చు. కానీ మన చట్టం మొదటి సెక్షన్లోనే, విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ ఇది వర్తిస్తుందని రాసి ఉంది. పండగకు వస్తూ సంచిలో పది గ్రాములు తెచ్చినా అది దిగుమతి నేరం. ఫోన్లో మాట్లాడినప్పుడు పిల్లలకు ఈ ముక్క తిట్టకుండా, బెదిరించకుండా చెప్పండి.

మనం చేయవలసిన పని

చివరిగా, ఇక్కడి నుంచి వెళ్లాక చేయవలసిన పనులు.

మొదటిది, ప్రతి గ్రామ శాఖ సమావేశంలో చట్టంలోని ఈ అంశాలు చదివి వినిపించాలి. ముఖ్యంగా కౌలుకిచ్చే భూముల సంగతి.

రెండోది, కేసుల్లో ఉన్న కుటుంబాల జాబితా రాయాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, మహిళలకు, జైల్లో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. ఇంటి మగమనిషి జైలుకు పోతే ఆ ఇంటి పొలం బీడు పడకుండా చూడడం కూడా సంఘం పనే.

మూడోది, అలవాటు పడిన పిల్లవాణ్ని దొంగలా చూడవద్దు. 14446 నంబరులో సలహా దొరుకుతుంది. గంజాయి వ్యాపారం గురించి సమాచారం ఇవ్వాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 1972.

నాలుగోది, మన డిమాండ్లు. కాఫీ, మిరియం, పసుపు, రాజ్‌మాలకు గిట్టుబాటు ధరతో గిరిజన సహకార సంస్థ ఊళ్లోకే వచ్చి కొనాలి. గంజాయి మానేసిన కుటుంబానికి కొత్త పంట చేతికొచ్చేదాకా ఆదాయ భరోసా ఇవ్వాలి. దర్యాప్తు మూట మోసినవాడి దగ్గర ఆగకుండా డబ్బు పెట్టినవాడి దాకా పోవాలి. హెంప్ మీద ప్రభుత్వం ఏ విధానం తెచ్చినా ముందు రైతు సంఘాలతో మాట్లాడాలి. చిన్న రైతుల సహకార సంఘాలకే మొదటి హక్కు ఇవ్వాలి, కంపెనీలకు కాదు.

ఈ నాలుగు డిమాండ్లతో వచ్చే నెల మండల కేంద్రాల్లో వినతిపత్రాలు ఇద్దాం. మీ గ్రామ శాఖ తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి వెంట తీసుకురండి.